డాక్టరు జోసెఫ్ గోల్డ్‌బర్గరు

దానియేలు గ్రంథములోని మొదటి యధ్యాయము మన పాఠశాల బాలబాలికలకు క్రొత్తది కాదు. బబులోను రాజు భుజించు పదార్థములను ముట్ట నొల్లక, పది దినములు శాకధాన్యములును నీళ్లును మాత్రమే తమకిచ్చి, పిమ్మట రాజభోజనము తిను బాలుర ముఖములతో తమ ముఖములను పోల్చి చూడుమని ఆ యౌవనుడు తన పైవానిని వేడుకొనెను. ఒక గుంపునకు ఒక యాహారము, మఱియొక గుంపునకు వేఱొక యాహారము, నిర్ణీతమైన గడువు, తుదకు పోలిక. నేటి వైద్యశాస్త్రజ్ఞులు చేయు పరీక్షకు కావలసిన యంగములలో ముఖ్యమైనవన్నియు అందున్నవి. సండేస్కూలులో ఆ పాఠము చెప్పునపుడెల్ల మేము ఒక సంగతియొద్ద కొంతసేపు నిలుతుము. పరీక్షను కోరినవాడు పరీక్షింపబడినవాడే. చెఱపట్టబడి వచ్చినవాడయ్యును, అడిగినది అతడే.

ఆహారమును గూర్చియే మనుష్యులపై పరీక్షలు చేసి, అసంఖ్యాకులను ఉన్మాదమునుండియు మరణమునుండియు తప్పించుటకు త్రోవ చూపిన యొక వైద్యుని చరిత్రను ఈ సంచికలో వ్రాయ సంకల్పించితిమి. ఆయన పరీక్షించినవారిలో కొందఱు తామై ముందునకు వచ్చిరి. కొందఱకు వచ్చుటకును రాకుండుటకును శక్తి లేదు. ఆయనను మేము మిక్కిలి గౌరవింతుము గనుకనే ఈ రెండవవారి సంగతి దాచక వ్రాయుచున్నాము.

జోసెఫ్ గోల్డ్‌బర్గరు 1874వ సంవత్సరము జూలై 16వ తేదీని, అప్పటి ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యములో, నేడు స్లోవేకియా దేశమునకు చేరిన యొక చిన్న యూర, యూదుల యింట జన్మించెను. తలిదండ్రులు గొఱ్ఱెలు పెంచి జీవించువారు. మందకు తెగులు తగిలి నష్టపోయిన పిమ్మట వారు 1883లో అమెరికాకు వలసపోయి, న్యూయార్కు నగరమున పేదలు క్రిక్కిఱిసి నివసించు తూర్పుపేటలో చిన్న కిరాణా అంగడి పెట్టుకొనిరి. బాలుడు ఇంటింటికి సరకులు మోసి యిచ్చుచు చదువుకొనెను. ఇంజనీరు కావలెనని కళాశాలలో చేరెను గాని, యొకనాడు స్నేహితుని వెంట వైద్యకళాశాలకు పోయి అచ్చటి యుపన్యాసము వినుటతో మనస్సు మాఱి, 1895లో వైద్యపట్టమును పొందెను. పెన్సిల్వేనియా రాష్ట్రములోని యొక పట్టణమున కొంతకాలము వైద్యము చేసి, 1899లో ప్రభుత్వమువారి నౌకా వైద్యశాఖలో ప్రవేశించెను. ఆ శాఖయే తరువాత ప్రజారోగ్యశాఖ యయ్యెను.

ఆ యుద్యోగములో ఆయన ఏ వ్యాధిని శోధింపబోయెనో ఆ వ్యాధియే పెక్కుసార్లు ఆయనను పట్టుకొనెను. పచ్చజ్వరము, డెంగ్యూ జ్వరము, మెక్సికో నగరమున టైఫసు జ్వరము, ఈ మూడును ఆయన యనుభవించినవే. క్రొత్త గడ్డిపఱుపులపై పరుండినవారికి కలుగు దురదకు కారణమును వెదకునపుడు ఆ గడ్డిలో తన చేతినే పెట్టి చూచుకొనెను. 1906లో మేరీ ఫరార్ అను క్రైస్తవ కన్యను వివాహమాడెను. యూదునికిని క్రైస్తవ కుటుంబమునకును అట్టి సంబంధము ఆ దినములలో సామాన్యమైనది కాదు. ఈ యిల్లాలిని చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక; ఈ చరిత్రలో ఆమె మరల కన్పట్టును.

ఇక వ్యాధి సంగతి. పెల్లాగ్రా యనునది మొదట చర్మమున కనబడును. ఎండ తగులు చోట్ల, చేతులమీదను మెడచుట్టును, కాలినట్లు ఎఱ్ఱబారి, నల్లబడి, పొలుసులు లేచును. పిమ్మట అతిసారము. ఆపైన బుద్ధి చెడును. రోగి నిద్రలేక, భయపడుచు, కలవరించుచు, తనవారిని గుర్తింపజాలక, తుదకు ఉన్మాదియగును. నాలుగవది మరణము. స్పెయిను దేశపు వైద్యుడొకడు 1735లోనే దీనిని కనిపెట్టెను. అమెరికాలో మాత్రము చాలకాలము దీని నెవ్వరును గుర్తింపలేదు. 1906లో అలబామా రాష్ట్రమున, నల్లజాతివారికై యేర్పఱుపబడిన ఉన్మాదుల వైద్యశాలలో 88 మందికి ఈ వ్యాధి సోకి 57 మంది మరణించిరి. అటుపిమ్మట చూచిన చోటనెల్ల ఇది కనబడసాగెను. ఈ వ్యాధివలన బుద్ధి చెడి కొందఱు పిచ్చాసుపత్రికి వచ్చిరి. వేఱు కారణమున వచ్చిన కొందఱకు ఆసుపత్రిలోనే ఇది పుట్టెను.

ఇది యేదో సూక్ష్మజీవివలన అంటుకొను వ్యాధియని వైద్యులలో ననేకులు నమ్మిరి. అందుకై నియమింపబడిన యొక సంఘము గూడ అట్లే చెప్పెను. 1914లో ప్రజారోగ్యశాఖాధిపతి ఈ విచారణను గోల్డ్‌బర్గరునకు అప్పగించెను. ఆయన దక్షిణ రాష్ట్రములలోని వైద్యశాలలను, చెఱసాలలను, అనాథాలయములను తిరిగి చూచి, కొలది వారములలోనే అందఱి కన్నులయెదుట నున్న యొక సంగతిని పట్టుకొనెను. ఉన్మాదుల వైద్యశాలలో రోగులకు ఈ వ్యాధి వచ్చుచున్నది. వారి నెత్తి, కడిగి, రేయింబవళ్లు వారియొద్ద నుండు నర్సులకును పనివారికిని రాదు. అంటువ్యాధి యైనచో మొదట ఎవరిని పట్టవలెను? వారు వారు తినునదేమి యని ఆయన విచారించెను. రోగులకు మొక్కజొన్నపిండి జావ, రొట్టె, బెల్లపు పాకము, పంది క్రొవ్వు. పనివారు తమకు కావలసిన పాలు, మాంసము, గ్రుడ్లు సంపాదించుకొని తినుచుండిరి.

మిసిసిపీ రాష్ట్రములోని జాక్సన్ పట్టణమున మిషను అనాథాలయములు రెండుండెను. మెథడిస్టువారి యాలయములో 1914 జూలైలో 211 మంది పిల్లలుండగా 68 మందికి ఈ వ్యాధి యుండెను. అందు దాదాపుగా అందఱును ఆఱేండ్లకు పైబడి పండ్రెండేండ్లకు లోబడిన పిల్లలే. ఆఱేండ్ల లోపలివారికి చిన్నవారని పాలిత్తురు. పండ్రెండేండ్లు దాటినవారు పనిచేయుదురు గనుక వారికి కొంత మాంసమిత్తురు. నడిమివారు ఇంకను పనికి రారు, పాలకు మించినవారు. బోర్డింగు పిల్లలకు అన్నము పెట్టు బాధ్యత నెఱిగిన మేము ఈ లెక్కను మొదట చదివినప్పుడు మా హృదయము కలగెను. ఆ యాలయముల వారు క్రూరులు కారు. చేతనున్న కొంచెము ధనమును న్యాయముగా పంచుచున్నామనియే వారు తలంచిరి. గోల్డ్‌బర్గరు ప్రభుత్వపు సొమ్ము తెచ్చి పిల్లలకందఱకును పాలు, గ్రుడ్లు, మాంసము, చిక్కుడుగింజలు పెట్టించెను. మఱుసటి యేడు ఆ రెండు ఆలయములలోను వ్యాధి దాదాపుగా మాయమయ్యెను. అక్కడ ఆయన ఎవ్వరినిగాని పోలికకొఱకు పస్తు ఉంచలేదు.

జార్జియా రాష్ట్రములోని మిల్లెడ్జివిల్ పట్టణపు ఉన్మాదుల వైద్యశాలలో మాత్రము అట్లు జరుగలేదు. అచ్చట పెల్లాగ్రా రోగులైన స్త్రీలను రెండు వార్డులలో, శ్వేతజాతివారిని ఒకట, నల్లజాతివారిని మఱియొకట నుంచి, 1914 చివరనుండి మంచి యాహారమిచ్చెను. వేఱు కొందఱిని పాత యాహారముమీదనే యుండనిచ్చి, ఇరువురిని పోల్చి చూచెను. సంవత్సరము తిరిగి వచ్చునప్పటికి మంచి యాహారము తిని నిలిచిన 72 మందిలో ఒక్కరికిని వ్యాధి మరల రాలేదు. పాత యాహారముమీద నుండిన 32 మందిలో 15 మందికి మరల వచ్చెను. శాస్త్రరీతిగా ఇంతకంటె స్పష్టమైన ఋజువు వేఱేమి కావలెను? అయినను ఆ 15 మంది సంగతి విడిచి మేము ముందునకు పోజాలము. ఆయన వారికి క్రొత్తగా కీడు చేయలేదు. వైద్యశాలవారు నిత్యము పెట్టు తిండియే వారికి దొరకెను. ఇది నిజము. కాని పాలలోను మాంసములోను రక్షణ యున్నదని ఆయన అప్పటికే నమ్మెను; అనాథ బాలురకు అంతకుముందే దానిని పెట్టించెను. గోడకు ఈవలి స్త్రీలకు దొరకినది ఆవలి స్త్రీలకు దొరకలేదు. మీకిది సమ్మతమా యని వారిని అడుగవలెనను తలంపే ఆ కాలపు వైద్యులకు తఱచుగా తోచునది కాదు. అడిగినను, పిచ్చివారని ముద్రపడినవారి మాటను వినువా రెవరు?

1915లో ఆయన అంతకంటె కఠినమైన పని తలపెట్టెను. ఆహారముచే వ్యాధిని మాన్పవచ్చునని చూపెను గదా. ఆహారముచేతనే వ్యాధిని పుట్టింపవచ్చునని గూడ చూపినచో విరోధుల నోరు మూయబడునని ఆయన తలంచెను. మిసిసిపీ గవర్నరు ఇందుకు సమ్మతించి, జాక్సన్ పట్టణమునకు సమీపముననున్న రాంకిన్ చెఱసాల పొలమునుండి ఆరోగ్యవంతులైన శ్వేతజాతి ఖైదీలను పండ్రెండుగురిని ఇచ్చెను. పరీక్ష ముగిసినంతనే వారిని క్షమించి విడుదల చేయుదుమని వ్రాతమూలముగ ఒడంబడిక జరిగెను. వారిలో హత్యచేసి యావజ్జీవశిక్ష పొందినవారు గలరు. మొక్కజొన్న, గోధుమపిండి రొట్టె, బియ్యము, చిలగడదుంప, కొంత కూర, చక్కెర, పాకము, ఇవి వారి భోజనము. కడుపు నిండును, పాలును మాంసమును లేవు. ఏప్రిల్ నెలలో మొదలిడి అక్టోబరు నెలాఖరువఱకు ఇట్లు జరిగెను. ఒకడు వేఱు జబ్బుచేత నడుమ విడిచిపెట్టగా పదునొకొండుగురు మిగిలిరి. వారు నీరసించిరి, తల తిరిగెననిరి, కడుపునొప్పితో మూలిగిరి. అయిదు నెలలు గడచినపిమ్మట ఆఱుగురి చర్మముమీద పెల్లాగ్రా గురుతులు లేచెను. ఆ పొలముననే యుండి మామూలు భోజనము చేసిన తక్కిన ఖైదీలకు ఎవ్వరికిని రాలేదు. ఒడంబడిక ప్రకారము గవర్నరు వారిని విడుదల చేసెను.

హంతకులను వీధిలోనికి విడిచిరని ప్రజలలో ననేకులు కోపించిరి. ఆ ఖైదీలకు జరిగిన దానిని గూర్చి కోపించినవారు అరుదు. ఈ ఒడంబడికను గూర్చి మాలో మేము పలుమాఱులు తర్కించుకొంటిమి. వారు మాటలాడ నేర్చినవారు, పెద్దవారు, షరతులు వినినవారు. కనుక సమ్మతి యున్నదనవలెను. కాని జీవితాంతము చెఱలో నుండవలసినవాని యెదుట తలుపు తెఱచి, ఇటు వచ్చెదవా యని యడుగుట మామూలు ప్రశ్న యగునా? మేము ఉపాధ్యాయులము. తరగతిలో ఇష్టమున్నవారు చేయి యెత్తుడని మేమనగా నలువది చేతులును లేచును. వానిలో ఎన్ని యిష్టముచేత లేచెనో, ఎన్ని మా బెత్తమును చూచి లేచెనో, ఎన్ని మెప్పుకొఱకు లేచెనో మేమెఱుగుదుము. అయినను ఒక్క మాట యొప్పుకొనవలెను. మిల్లెడ్జివిల్ స్త్రీలకు లేని యొడంబడిక రాంకిన్ ఖైదీలకుండెను, ఆడిన మాట తప్పక నెఱవేఱెను.

ఇంత జరిగినను విరోధులు ఒప్పుకొనలేదు. రాంకిన్ పరీక్ష సరిగా జరుగలేదని కొందఱు వైద్యులు సభలలో పలికిరి. అప్పుడు గోల్డ్‌బర్గరు చేసినది చదువునప్పుడు సుకుమారులైనవారు ముఖము త్రిప్పుకొందురేమో. 1916 ఏప్రిల్ 26వ తేదీని దక్షిణ కరోలినా రాష్ట్రమున, పెల్లాగ్రా రోగి రక్తమును ఆయన తన తోటి వైద్యుడైన వీలరు శరీరములోనికి సూదితో ఎక్కించెను. వీలరు ఆయనకు ఎక్కించెను. రోగుల ముక్కునుండియు గొంతునుండియు తీసిన స్రావమును తమ ముక్కులకును గొంతులకును పూసికొనిరి. పిమ్మట రోగుల చర్మపు పొలుసులను, మలమూత్రములను పిండితో కలిపి మాత్రలుగా చేసి మ్రింగిరి. ఇట్టి పరీక్షలు ఆ యేడు వేఱు వేఱు చోట్ల జరిగెను. పాల్గొన్నవారు మొత్తము 16 మంది. అందు స్త్రీ యొక్కతె, మేరీ గోల్డ్‌బర్గరు. ఆమెయు మాత్రలు మ్రింగుదునని పట్టుబట్టగా పురుషులు ఒప్పుకొనక, రోగి రక్తమును మాత్రము సూదితో ఎక్కించిరి. ఒక్కరికిని పెల్లాగ్రా రాలేదు.

ఆ యింట చిన్న బిడ్డలుండిరి. వ్యాధి అంటునది కాదని ఆయనకు ఎంత నమ్మకముండినను, నమ్మకము వేఱు, ఎఱుక వేఱు. తప్పు జరిగినచో ఆ బిడ్డలకు తలియు తండ్రియు నిద్దఱును లేకపోదురు. తాను చేయనొల్లని దానిని పరులచేత చేయింపరాదను నియమమున కింతకంటె గొప్ప ఉదాహరణము మేము వైద్యచరిత్రలో చూడలేదు. అయితే ఇచ్చట ఒక చిక్కున్నది. ఆయన తన మీద చేసికొన్న పరీక్ష వ్యాధి రాదని చూపుటకు. వ్యాధి తప్పక వచ్చునని తాను నమ్మిన పరీక్షను ఖైదీలమీద చేసెను. ఈ భేదమును ఆయనను కీర్తించువారు సాధారణముగా వ్రాయరు.

తరువాతి యేండ్లలో ఆయన సైడెన్‌స్ట్రికరు అను ఆర్థికశాస్త్రజ్ఞునితో కూడి దక్షిణ కరోలినాలోని నూలుమిల్లుల గ్రామములలో ఇంటింటి రాబడియు, వంటయింటికి వచ్చు సరకులును లెక్కించి, రాబడి తగ్గినకొలది వ్యాధి హెచ్చునని చూపెను. పెల్లాగ్రాకు మూలము దారిద్ర్యమని చెప్పుట దక్షిణ దేశపు పెద్దలకు రుచింపలేదు. 1921లో, ప్రత్తి ధర పడిపోయినందున వ్యాధి ప్రబలునని ఆయన హెచ్చరింపగా, తమ రాష్ట్రములకు అపకీర్తి తెచ్చుచున్నాడని వారు ఆగ్రహించిరి.

పాలును మాంసమును కొనజాలని పేదలకు చౌకగా దొరకు మందు ఏది? దీనికొఱకు ఆయన మరల మిల్లెడ్జివిల్ వైద్యశాలకే పోయెను. అచ్చటి స్త్రీలకు లోపము గల యాహారమిచ్చి, దానికి ఒక్కొక్క పదార్థమును చేర్చి, వ్యాధి వచ్చునో రాదో కనిపెట్టుచుండిరి. వచ్చెనా, ఆ పదార్థము పనికిరాదు. కొన్ని సంవత్సరములు ఇట్లు గడచెను. పిమ్మట కుక్కలకు కలుగు నల్లనాలుక వ్యాధి ఇటువంటిదేయని తెలిసి, కుక్కలపై చేసిన పరీక్షలవలన, పులియబెట్టుటకు వాడు ఈస్టు మిక్కిలి గుణకారియని బయల్పడెను. 1927లో మిసిసిపీ నది పొంగి లక్షలకొలది జనులు నిరాశ్రయులైనప్పుడు రెడ్‌క్రాసువారు ఈస్టును పంచి పెట్టి పెల్లాగ్రాను అరికట్టిరి. కొలది కాసుల వెలగల యా పొడి వెనుక మిల్లెడ్జివిల్ స్త్రీల దేహములున్నవి.

వారినే యేల యెన్నుకొనెను? పెల్లాగ్రా ఊరూర నుండెను. కాని సంవత్సరము పొడుగున పెట్టినదే తిని, పెట్టనిది తినకుండ నుండువారు గోడల నడుమనే దొరకుదురు. పరీక్షకు వారిని తగినవారిగా చేసిన గోడయే, వలదను శక్తిని వారికి లేకుండ చేసెను.

1929 జనవరి 17వ తేదీని, 54 ఏండ్ల వయస్సున, మూత్రపిండమున పుట్టిన రాచపుండుచే (క్యాన్సరుచే) గోల్డ్‌బర్గరు వాషింగ్టను నగరమున కన్నుమూసెను. ఆయన చితాభస్మమును పొటోమాక్ నదిలో కలిపిరి. తాను వెదకిన పదార్థమేదో ఆయన యెఱుగడు. 1937లో ఎల్వీహెము అను రసాయనశాస్త్రజ్ఞుడు, నికోటినిక్ ఆమ్లముచే కుక్కల నల్లనాలుక మానునని కనుగొనెను. మనుష్యుల పెల్లాగ్రాయు దానితోనే మానెను. కొలది దినములలో ఉన్మాదుల బుద్ధి తేటపడి, వారు ఇండ్లకు మరలిపోయిరి.

మన దేశమునకును ఈ చరిత్రతో సంబంధము గలదు. తెలంగాణములో జొన్నయే ముఖ్యాహారముగా గల పేదలలో ఈ వ్యాధి యుండెను. 1958లో కూనూరునుండి హైదరాబాదునకు వచ్చిన పోషకాహార పరిశోధనశాలలో డాక్టరు గోపాలన్, డాక్టరు శ్రీకాంతయ్యగారలు దీనిని శోధించి, జొన్నలో లూసిన్ అను పదార్థము మెండుగా నుండుట ఒక కారణమై యుండునని 1960లో ప్రకటించిరి.

గోల్డ్‌బర్గరు పోయిన తరువాత జరిగిన ఘోరములవలన లోకము మేల్కొనెను. జర్మనీలో చెఱనున్నవారిపై వైద్యులు చేసిన దుర్మార్గములు విచారణకు రాగా, 1947లో నూరెంబర్గు న్యాయస్థానమువారు పరీక్షకు లోబడువాని స్వేచ్ఛాసమ్మతి అత్యవసరమని మొట్టమొదటి నియమముగా వ్రాసిరి. గోల్డ్‌బర్గరు పనిచేసిన ప్రజారోగ్యశాఖవారే 1932 మొదలు 1972 వఱకు అలబామాలోని నల్లజాతి పురుషులకు సవాయి వ్యాధి యున్నదని యెఱిగియు, మందు వచ్చినపిమ్మటను ఇయ్యక, వ్యాధి యెట్లు ముదురునో చూచుచుండిరి. అది బయటపడిన పిమ్మట, 1979లో ఆ దేశమువారు వ్యక్తిని గౌరవించుట, మేలు కోరుట, భారమును లాభమును న్యాయముగా పంచుట అను మూడు సూత్రములను ప్రకటించిరి. మన దేశమున 2017లో చేయబడిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టములోని 99వ సెక్షను మిల్లెడ్జివిల్ సంగతినే యెదుట నుంచుకొని వ్రాసినట్లుండును. మానసిక రోగిపై పరీక్ష చేయుటకు అతని సమ్మతి కావలెను. సమ్మతింప శక్తిలేనివాడై, ఎదిరింపక యున్నచో, అతని ప్రతినిధి సమ్మతియు రాష్ట్రాధికార సంస్థ యనుమతియు కావలెను. సమ్మతింప శక్తిగలవారిపై ఆ పరీక్ష చేయుటకు వీలులేదని చూపవలెను. ఇచ్చిన సమ్మతిని నడుమ ఎప్పుడైనను మరలించుకొనవచ్చును.

మిల్లెడ్జివిల్ వైద్యశాల భూమిలో సుమారు 25,000 మంది రోగులు పాతిపెట్టబడియున్నారు. వారి సమాధులకు ఇనుప గురుతులు నాటిరి. వానిమీద పేరులు లేవు, అంకెలు మాత్రమే యుండెను. తరువాత గడ్డి కోయుటకు అడ్డమని పెక్కింటిని పెఱికివేసిరి. 1997లో కొందఱు పూనుకొని, పోగుపడియున్న యా గురుతులను తీసి, తోమి, వరుసగా నిలిపిరి.